కుర్చీ ఖాళీ అయితే తర్వాత ఎవరు?

అరిజోనా ఓటర్లు 2026 నవంబరులో తొలిసారి లెఫ్టినెంట్ గవర్నర్‌ను ఎన్నుకోబోతున్నారు. 114 ఏళ్లుగా లేని పదవి ఇప్పుడెందుకు వచ్చింది?

2023 జనవరిలో అరుణా మిల్లర్ అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేసినప్పుడు మన దగ్గరా పెద్ద వార్తే అయింది. పుట్టింది హైదరాబాద్‌లో. ఇంటిపేరు కాట్రగడ్డ. ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లి, సివిల్ ఇంజినీరింగ్ చదివి, కౌంటీ రవాణా శాఖలో ఉద్యోగం చేసి, ఆ తర్వాత రాజకీయాల్లోకి వచ్చారు. 2025 నవంబరులో పక్కనే ఉన్న వర్జీనియాలో గజాలా హష్మీ అదే పదవికి గెలిచారు. ఆమె పుట్టిందీ హైదరాబాద్‌లోనే.

బాగానే ఉంది. ఇంతకీ ఆ పదవిలో ఉన్నవాళ్లు చేసే పని ఏమిటి?

పోటీ పరీక్షలకు చదువుతున్న వారిని అడిగి చూడండి. చాలామంది ఠక్కున చెప్పే జవాబు: ‘కేంద్రపాలిత ప్రాంతంలో రాష్ట్రపతి నియమించే పాలనాధికారి.’ మన రాజ్యాంగం 239వ అధికరణం ప్రకారం అది సరైన జవాబే. ఢిల్లీ, పుదుచ్చేరి, జమ్మూకశ్మీర్, లద్దాఖ్, అండమాన్‌లలో ఉన్నది ఆ లెఫ్టినెంట్ గవర్నర్లే. తెలుగు మాట్లాడే ఊరు కూడా ఒకటి లెఫ్టినెంట్ గవర్నర్ కింద ఉంది. పుదుచ్చేరిలో భాగమైన మన యానాం. కానీ ఇదే జవాబు అమెరికాకు రాస్తే సున్నా మార్కులే. అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటివారు. ప్రజలు నేరుగా ఓటేసి గెలిపిస్తారు. లెఫ్టినెంట్ గవర్నర్ అంటే ఆ గవర్నర్ తర్వాతి మనిషి. ‘లెఫ్టినెంట్’ అనే ఫ్రెంచి మాటకు అసలు అర్థమే మరొకరి చోటు పట్టుకుని ఉన్నవాడు అని. మన దగ్గర ఆ చోటు కేంద్రానిది, అక్కడ గవర్నర్‌ది. పేరొక్కటే, పని వేరు.

మామూలు రోజుల్లో ఈ పదవికి పెద్ద పని ఉండదు. మేరీలాండ్ రాజ్యాంగం ప్రకారం గవర్నర్ అప్పగించిన పనులే లెఫ్టినెంట్ గవర్నర్ చేయాలి. గవర్నర్ ఏమీ అప్పగించకపోతే బంగళా, కారు, రిబ్బన్ కటింగులు. అందుకే అమెరికాలోనే ఈ పదవి మీద బోలెడు జోకులున్నాయి. మరి ఇంత ఖాళీ పదవిని కొత్తగా పెట్టుకోవడానికి ఒక రాష్ట్రం రాజ్యాంగాన్ని ఎందుకు సవరించుకుంది? అదీ పొదుపు, చిన్న ప్రభుత్వం అని మాట్లాడే నాయకులకు కొదవలేని అరిజోనా?

ముందు మేరీలాండ్ సంగతి చూద్దాం. అరుణా మిల్లర్ కూర్చున్న కుర్చీ పుట్టిందే ఓ తికమక నుంచి. 1966లో మేరీలాండ్ ఓటర్లు స్పైరో ఆగ్న్యూ అనే రిపబ్లికన్‌ను గవర్నర్‌గా గెలిపించారు. రెండేళ్లు తిరిగాయో లేదో ఆయన రిచర్డ్ నిక్సన్ జంటగా దేశ ఉపాధ్యక్షుడిగా ఎన్నికై 1969 జనవరిలో వాషింగ్టన్ వెళ్లిపోయారు. అప్పటికి మేరీలాండ్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ లేరు. రాజ్యాంగం ప్రకారం కొత్త గవర్నర్‌ను శాసనసభ ఎన్నుకోవాలి. శాసనసభలో మెజారిటీ డెమోక్రాట్లది. వాళ్లు తమ స్పీకర్ మార్విన్ మాండెల్‌ను గవర్నర్‌ను చేశారు. ప్రజలు ఓటేసింది రిపబ్లికన్‌కు, మిగిలిన రెండేళ్లు పాలించింది డెమోక్రాట్. మరుసటి ఏడాదే, 1970లో, ఓటర్లు రాజ్యాంగ సవరణకు సరేనని లెఫ్టినెంట్ గవర్నర్ పదవిని పెట్టుకున్నారు.

ఇదే కథ అరిజోనాలో ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ జరిగింది.

అరిజోనా: 32 ఏళ్లు, ఐదుగురు

1912లో రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అరిజోనా లెఫ్టినెంట్ గవర్నర్ పదవి వద్దనుకుంది. గవర్నర్ కుర్చీ ఖాళీ అయితే సెక్రటరీ ఆఫ్ స్టేట్ వచ్చి కూర్చోవాలని రాసుకుంది. సెక్రటరీ ఆఫ్ స్టేట్ అంటే అక్కడ ఎన్నికలు నిర్వహించే, ప్రభుత్వ రికార్డులు భద్రపరిచే పెద్ద. మనకు చెప్పాలంటే రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి పదవికి ప్రజలు ఓటేసి, పార్టీ టికెట్ మీద గెలిపిస్తే ఎలా ఉంటుందో అలా. ఆ పదవికి ఓటు వేరు, గవర్నర్‌కు ఓటు వేరు. ఒకరు ఈ పార్టీ, మరొకరు ఆ పార్టీ కావడం మామూలే.

1977 అక్టోబరులో గవర్నర్ రౌల్ కాస్ట్రో అర్జెంటీనాకు రాయబారిగా వెళ్లేందుకు రాజీనామా చేశారు. దాదాపు 29 ఏళ్లుగా సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా ఉన్న వెస్లీ బోలిన్ గవర్నర్ అయ్యారు. ఐదు నెలలు కూడా నిండకుండా 1978 మార్చిలో ఆయన చనిపోయారు. ఇప్పుడు ఎవరు? బోలిన్ ఖాళీ చేసిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ కుర్చీలో రోజ్ మోఫర్డ్ ఉన్నారు. అయితే ఆమె నియామకం మీద వచ్చారు, ఎన్నికై రాలేదు. ఎన్నికైనవారే గవర్నర్ కావాలన్నది నిబంధన. దాంతో వరసలో తర్వాతి వ్యక్తి, అటార్నీ జనరల్ బ్రూస్ బాబిట్, గవర్నర్ అయ్యారు. గవర్నర్ పదవికి పోటీయే చేయని ఇద్దరు ఐదు నెలల తేడాతో ఆ కుర్చీలో కూర్చున్నారన్నమాట.

పదేళ్లకు మరో మలుపు. గవర్నర్ ఇవాన్ మెకమ్, రిపబ్లికన్. ఆయన మీద ఒకేసారి మూడు కత్తులు వేలాడాయి. ఒకటి శాసనసభ అభిశంసన, రెండోది క్రిమినల్ కేసు, మూడోది ప్రజలు సంతకాలు చేసి తెచ్చిన రీకాల్ ఎన్నిక. రీకాల్ అంటే గెలిచినవాడిని పదవీకాలం మధ్యలోనే మళ్లీ ఓటు పెట్టి దింపడం. 1988 మే 17న ఆ ఓటు జరగాల్సి ఉంది. ఏప్రిల్‌లోనే సెనేట్ ఆయన్ను దోషిగా తేల్చి పదవి నుంచి తీసేసింది. ఈసారికి మోఫర్డ్ ఎన్నికైన సెక్రటరీ ఆఫ్ స్టేటే, కాబట్టి ఆమె గవర్నర్ అయ్యారు. ఆమె డెమోక్రాట్. మరి మేలో జరగాల్సిన ఎన్నిక? వారసత్వ నిబంధన ప్రకారం కొత్త గవర్నర్ వచ్చేశారు కాబట్టి ఎన్నిక అక్కర్లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కొత్త గవర్నర్ ఎవరో తేల్చుకుందామని ప్రజలు సంతకాలు పెట్టి మరీ తెచ్చుకున్న ఎన్నికను, 1912లో రాసుకున్న ఒక వాక్యం పక్కన పెట్టేసింది. ‘తర్వాత ఎవరు’ అన్న నిబంధనకు ఎంత బలం ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1997లో ఫైఫ్ సిమింగ్టన్ బ్యాంకు మోసం కేసులో దోషిగా తేలి రాజీనామా చేస్తే జేన్ హల్ వచ్చారు. ఇద్దరిదీ ఒకే పార్టీ కాబట్టి గొడవ కాలేదు. ఆ శిక్ష తర్వాత అప్పీలులో కొట్టేశారు, అది వేరే కథ.

అసలు దెబ్బ 2009లో. ఇది మన పిల్లలకూ తగిలింది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఒక రాజీనామా, ఒక చట్టం

2006లో డెమోక్రాట్ జానెట్ నపొలిటానో రెండోసారి గవర్నర్‌గా గెలిచారు. శాసనసభ రిపబ్లికన్ల చేతిలో ఉండేది. వాళ్లు పంపిన ఎన్నో బిల్లులను ఆమె వీటో చేసేవారు. వలసలను కట్టడి చేసే బిల్లులూ అందులో ఉన్నాయి. 2009 జనవరిలో బరాక్ ఒబామా ఆమెను హోంలాండ్ సెక్యూరిటీ మంత్రిగా తీసుకున్నారు. పదవీకాలం ఇంకా రెండేళ్లుంది. సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా ఉన్న రిపబ్లికన్ జాన్ బ్రూవర్ గవర్నర్ అయ్యారు. వీటో కలం చేతులు మారింది.

2010 ఏప్రిల్‌లో బ్రూవర్ ఎస్‌బీ 1070 అనే చట్టం మీద సంతకం పెట్టారు. పోలీసులు ఎవరినైనా ఆపినప్పుడు అక్రమంగా ఉంటున్నారన్న అనుమానం వస్తే వలస పత్రాలు తనిఖీ చేయాలని, రిజిస్ట్రేషన్ కాగితాలు వెంట లేకపోవడం రాష్ట్రంలోనూ నేరమేనని ఆ చట్టం చెప్పింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. 2012లో అమెరికా సుప్రీంకోర్టు తన ముందుకొచ్చిన నాలుగు సెక్షన్లలో మూడింటిని కొట్టేసింది, పోలీసు తనిఖీ సెక్షన్‌ను మాత్రం ఉంచింది. టెంపీలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి ఎమ్మెస్ కోసం వెళ్లే మన వాళ్లు ఎంతమందో మీకు తెలుసు. మీ బ్యాచ్‌లోనే ఒకరిద్దరు ఉండి ఉంటారు. పాస్‌పోర్టు, ఐ-20 కాపీలు వెంట పెట్టుకోమని సీనియర్లు చెప్పే మాట వెనుక ఇలాంటి చట్టాల చరిత్ర కూడా ఉంది.

ఈ చట్టం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ మన ప్రశ్న కాదు. దాన్ని కోరుకున్న ఓటర్లూ చాలామందే ఉన్నారు, 2010 ఎన్నికల్లో బ్రూవర్ సొంతంగానే గెలిచారు. ప్రశ్న ఏమిటంటే, 2006లో ఒక పార్టీ గవర్నర్ కావాలని నాలుగేళ్లకు ఓటేసిన జనానికి రెండేళ్ల తర్వాత ఇంకో పార్టీ పాలన ఎందుకు వచ్చింది? ఎన్నిక ఓడిపోయి కాదు, కోర్టు తీర్పు వల్ల కాదు. గవర్నర్‌కు ఢిల్లీలో పదవి వచ్చినట్టు వాషింగ్టన్‌లో పదవి వచ్చింది, అంతే.

1977 నుంచి 2009 వరకు 32 ఏళ్లలో ఐదుగురు ఇలా వెనుక గుమ్మం నుంచి గవర్నర్లయ్యారు. అయినా అరిజోనా వెంటనే మారలేదు. 1994లో ఒక ప్రతిపాదన పెడితే ఓటర్లు వద్దన్నారు. 2010లో మరొకటి పెడితే అదీ వద్దన్నారు. 2010 ప్రతిపాదనలో ఓ చిక్కు ఉంది. సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవికే లెఫ్టినెంట్ గవర్నర్ అని పేరు మార్చి గవర్నర్ అభ్యర్థితో జోడు కట్టాలన్నది దాని సారాంశం. అంటే ఎన్నికలు నడిపే అధికారి గవర్నర్ టికెట్ మీదే గెలుస్తారు. అంపైర్‌ను కెప్టెన్ తన జట్టులోంచే తెచ్చుకున్నట్టు. నేనైనా వద్దనే అనేవాణ్ని.

2022లో వచ్చిన ప్రపొజిషన్ 131 ఆ తప్పు చేయలేదు. సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ను అలాగే ఉంచి, పక్కన కొత్త పదవి పెట్టింది. గవర్నర్ అభ్యర్థి ఎన్నికకు కనీసం 60 రోజుల ముందు తన లెఫ్టినెంట్ ఎవరో ప్రకటించాలి. ఇద్దరికీ కలిపి ఒకే ఓటు. గవర్నర్ చనిపోయినా, రాజీనామా చేసినా, తొలగించినా, బాధ్యతలు నిర్వహించలేని స్థితిలో పడినా ఆ వ్యక్తే వస్తారు. సుమారు 55 శాతం ఓటర్లు ఔనన్నారు. 2026 నవంబరు 3న మొదటి ఎన్నిక, 2027 జనవరిలో మొదటి లెఫ్టినెంట్ గవర్నర్. అప్పటిదాకా పాత వరసే.

ఆ పాత వరస చివరి రోజుల్లోనూ ఓ చిత్రం చూపించింది. అరిజోనాలో గవర్నర్ రాష్ట్రం దాటితే చాలు, తర్వాతివారు యాక్టింగ్ గవర్నర్ అయిపోతారు. 2023 సెప్టెంబరులో గవర్నర్ కేటీ హాబ్స్, సెక్రటరీ ఆఫ్ స్టేట్, అటార్నీ జనరల్ ముగ్గురూ ఒకేసారి రాష్ట్రంలో లేరు. ముగ్గురూ డెమోక్రాట్లు. వరసలో నాలుగో వ్యక్తి ట్రెజరర్ కింబర్లీ యీ, రిపబ్లికన్. కొన్ని గంటలపాటు ఆమే యాక్టింగ్ గవర్నర్. ఆమె ఏ వింత పనీ చేయలేదు. కానీ చేయాలనుకుంటే?

చేసినవాళ్లు ఉన్నారు. ఐడహోలో గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్‌లకు విడివిడిగా ఓటేస్తారు. 2021 మేలో గవర్నర్ బ్రాడ్ లిటిల్ ఊళ్లో లేని రోజు చూసి లెఫ్టినెంట్ గవర్నర్ జానిస్ మెగీచిన్ మాస్కు నిబంధనలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చేశారు. గవర్నర్ తిరిగొచ్చి మర్నాడు దాన్ని రద్దు చేశారు. ఇద్దరిదీ ఒకే పార్టీ! కాబట్టి పదవి పెట్టుకుంటే సరిపోదు, జోడీగా ఎన్నుకుంటారా విడిగానా అన్నదే అసలు సంగతి. మేరీలాండ్‌లో అరుణా మిల్లర్ గవర్నర్ వెస్ మూర్‌తో కలిసి ఒకే ఓటుతో గెలిచారు. వర్జీనియాలో గజాలా హష్మీ విడిగా, సొంత ఓట్లతో గెలిచారు. సెనేట్‌కు అధ్యక్షత వహించడం, ఓట్లు సమానమైతే తన ఓటుతో తేల్చడం ఆమె పని. రెండు వార్తలూ మనకు ఒకేలా కనిపించాయి గానీ రెండు పదవుల స్వభావం ఒకటి కాదు.

న్యూజెర్సీలో వారం రోజుల సంబరం

ఎడిసన్ పేరు వినని తెలుగిల్లు ఉండదు కదా. ఆ ఎడిసన్ ఉన్న న్యూజెర్సీలో పరిస్థితి మరీ విడ్డూరం. అక్కడ గవర్నర్ లేకపోతే సెనేట్ అధ్యక్షుడు యాక్టింగ్ గవర్నర్. తన సెనేట్ పదవి వదులుకోనక్కర్లేదు. అంటే బిల్లును సభలో తానే నడిపించి, సాయంత్రం గవర్నర్ ఆఫీసులో తానే సంతకం పెట్టొచ్చు. చట్టం చేసేవారు వేరు, అమలు చేసేవారు వేరు అని మనం పాలిటీ పుస్తకంలో మొదటి పేజీల్లో చదివే సూత్రం గాల్లో కలిసినట్టే. 2001 జనవరి ఆఖర్లో గవర్నర్ క్రిస్టీన్ విట్మన్ కేంద్ర పర్యావరణ సంస్థకు వెళ్లిపోతే సెనేట్ అధ్యక్షుడు డొనాల్డ్ డిఫ్రాన్సెస్కో దాదాపు ఏడాది అలా రెండు కుర్చీల్లో కూర్చున్నారు.

2002 జనవరిలో ఆయన సెనేట్ పదవీకాలం అయిపోయింది. కొత్త గవర్నర్ ప్రమాణానికి ఇంకో వారం ఉంది. కొత్త సెనేట్‌లో రెండు పార్టీలకూ చెరి 20 సీట్లు. ఇద్దరు సహ అధ్యక్షులు. ముందు అటార్నీ జనరల్ జాన్ ఫార్మర్ 90 నిమిషాలు గవర్నర్. తర్వాత జాన్ బెనెట్, రిచర్డ్ కోడీ చెరి మూడున్నర రోజులు పంచుకున్నారు. ఆ తర్వాత ఎన్నికైన గవర్నర్ జిమ్ మెక్‌గ్రీవీ. ఆయనా 2004లో మధ్యలోనే రాజీనామా చేశారు! మళ్లీ కోడీ, మళ్లీ రెండు కుర్చీలు, ఈసారి 14 నెలలు. విసిగిపోయిన ఓటర్లు 2005 నవంబరులో రాజ్యాంగం సవరించారు. 2009లో కిమ్ గ్వాడాన్యో తొలి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు.

న్యూజెర్సీ ఇక్కడ ఓ తెలివైన పని చేసింది. లెఫ్టినెంట్ గవర్నర్‌కు ఏదో ఒక శాఖ లేదా కార్యాలయం అప్పగించి తీరాలంది, అటార్నీ జనరల్ పదవి మాత్రం ఇవ్వకూడదంది. ఖాళీగా కూర్చోబెట్టి జీతం ఇవ్వడం ఉండదు. గ్వాడాన్యో సెక్రటరీ ఆఫ్ స్టేట్ పని చూశారు, తర్వాత వచ్చిన షీలా ఆలివర్ కమ్యూనిటీ వ్యవహారాల శాఖ నడిపారు.

సమస్య తీరిపోయిందా? 2010 డిసెంబరులో న్యూజెర్సీని పెద్ద మంచు తుపాను ముంచెత్తింది. గవర్నర్ క్రిస్ క్రిస్టీ ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్‌లో ఉన్నారు. గ్వాడాన్యో మెక్సికోలో. పదవి పుట్టి ఏడాది తిరగకుండానే మళ్లీ సెనేట్ అధ్యక్షుడే, అదీ ప్రతిపక్షం మనిషి, యాక్టింగ్ గవర్నర్‌గా తుపానును చూసుకోవాల్సి వచ్చింది. నిబంధన ఎంత బాగా రాసుకున్నా సెలవుల క్యాలెండర్ ముందు పనికి రాలేదు.

మన దగ్గర?

ఈ వరస మన రాష్ట్రాలకు ఎందుకు లేదు అని మీకు అనుమానం రావాలి. కారణం ఒకటే. అమెరికాలో ఓటు మనిషికి, నాలుగేళ్ల గడువుకు. మనిషి పోయినా గడువు మిగిలి ఉంటుంది కాబట్టి ఆ మిగిలింది ఎవరిదో ముందే రాసుకోవాలి. మన దగ్గర ఓటు ఎమ్మెల్యేకు. ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారు, 164వ అధికరణం. మెజారిటీ పార్టీ ఇంకొకరిని ఎన్నుకుంటే సరిపోతుంది. పార్టీ మారదు. ఆ మేరకు మన పద్ధతే మేలు.

మరి ఉప ముఖ్యమంత్రి? చాలామంది పొరబడేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో పవన్ కల్యాణ్, తెలంగాణలో మల్లు భట్టి విక్రమార్క ఆ హోదాలో ఉన్నారు. కానీ రాజ్యాంగంలో ఆ పదవి లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు ఉన్నారు. వారసత్వ క్రమమే అయితే ఐదుగురిలో ఎవరు ముందు? 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఉప ముఖ్యమంత్రి నియామకాల మీద వచ్చిన పిటిషన్‌ను కొట్టేస్తూ అది ఒక గౌరవ సూచకమే తప్ప రాజ్యాంగాన్ని ఉల్లంఘించడం కాదంది. కుర్చీ ఖాళీ అయితే దాని మీద ఉప ముఖ్యమంత్రికి ప్రత్యేక హక్కేమీ లేదు.

అయితే మన పద్ధతిలోనూ ఒక గుంత ఉంది. 2009 సెప్టెంబరు 2 గుర్తున్నవాళ్లు మీ ఇళ్లలో ఉంటారు, అడగండి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయింది. మర్నాడు ఉదయం పావురాలగుట్ట మీద శకలాలు దొరికేదాకా, దాదాపు ఒక రోజంతా, ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఉన్నారా లేరా అన్నది ఎవరికీ తెలియదు. ఆ గంటల్లో నిర్ణయాధికారం ఎవరిదో చెప్పే వాక్యం రాజ్యాంగంలో లేదు. సెప్టెంబరు 3న కె. రోశయ్య ప్రమాణం చేశారు కాబట్టి రాజ్యాంగపరంగా గండం గడిచింది. తర్వాత జరిగిన రాజకీయం మీకు తెలిసిందే.

2016లో తమిళనాడులో ఇంకా సాగింది. సెప్టెంబరు 22న ఆసుపత్రిలో చేరిన జయలలిత డిసెంబరు 5న కన్నుమూశారు. 75 రోజులు. అప్పుడు అదనపు బాధ్యతల మీద తమిళనాడు గవర్నర్‌గా ఉన్నది మన కరీంనగర్‌కు చెందిన సి. విద్యాసాగర్‌రావు. అక్టోబరులో ఆయన 166వ అధికరణంలోని మూడో క్లాజు కింద ముఖ్యమంత్రి శాఖలను ఒ. పన్నీర్‌సెల్వంకు అప్పగించారు. జయలలిత మాత్రం శాఖలు లేని ముఖ్యమంత్రిగా కొనసాగారు. శాఖల పంపిణీ కోసం రాసిన క్లాజును, ముఖ్యమంత్రి పనిచేయలేని పరిస్థితికి వాడుకోవాల్సి వచ్చింది. అరిజోనా సవరణలో ‘బాధ్యతలు నిర్వహించలేని స్థితి’ అన్న మాట ఉంది చూశారా, అది మన ముఖ్యమంత్రుల విషయంలో ఎక్కడా లేదు. గ్రూప్-1 మెయిన్స్‌లో సమాఖ్య, కార్యనిర్వాహక వర్గం మీద వ్యాసం రాసేటప్పుడు ఈ పోలిక తెస్తే మీ జవాబు పక్కవారి జవాబులా ఉండదు.

పై స్థాయిలో మాత్రం మనమూ వరస రాసుకున్నాం. 65వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి లేకపోతే ఉపరాష్ట్రపతి. 1969 మేలో జాకిర్ హుస్సేన్ మరణిస్తే ఉపరాష్ట్రపతి వి.వి. గిరి ఆ బాధ్యతలు తీసుకున్నారు. ఆయన రాష్ట్రపతి పదవికే పోటీ చేయడానికి జులైలో రాజీనామా చేశారు. ఇద్దరూ లేరు. అప్పటికప్పుడు ఆ ఏడాదే చేసిన చట్టం ప్రకారం ప్రధాన న్యాయమూర్తి ఎం. హిదయతుల్లా నెలకు పైగా రాష్ట్రపతి బాధ్యతలు చూశారు. వరసలో రెండోవారు కూడా లేకపోతే అన్న ప్రశ్న వచ్చాకే చట్టం వచ్చింది. రాష్ట్ర గవర్నర్ విషయంలో 160వ అధికరణం ఆ పనిని రాష్ట్రపతికి వదిలేసింది.

అరిజోనా పద్ధతి మీద అభ్యంతరమే లేదా అంటే ఉంది. పాత వరసలో వచ్చిన బ్రూవర్, మోఫర్డ్, హల్ వంటివారు రాష్ట్రమంతా తిరిగి, తమ పేరు మీద ఓట్లు తెచ్చుకున్నవారు. కొత్త లెఫ్టినెంట్ గవర్నర్ ప్రైమరీలో నిలబడక్కర్లేదు. ఒక అభ్యర్థి వేలు చూపిస్తే చాలు. కులం, ప్రాంతం, సామాజిక సమీకరణం చూసి టికెట్లు ఇచ్చే మన పార్టీలను చూసినవారికి ఆ వేలు ఎటు చూపిస్తుందో ఊహించడం కష్టం కాదు. అయినా పార్టీ మారిపోవడం కన్నా ఇది నయమని నా అభిప్రాయం. కనీసం ఓటేసే రోజున బ్యాలెట్ మీద రెండు పేర్లూ కనిపిస్తాయి.

ఇక ఆ రెండో కుర్చీయే ఖాళీ అయితే? అరిజోనాలో గవర్నర్ కొత్తవారిని నియమించాలి, శాసనసభ రెండు సభలూ ఆమోదించాలి. న్యూజెర్సీలో 45 రోజుల్లోగా గవర్నర్ నియమించాలి. ఇది ఊరికే రాసుకున్న నిబంధన కాదు. 2023 ఆగస్టు 1న గవర్నర్ ఫిల్ మర్ఫీ సెలవు మీద ఇటలీలో ఉండగా, యాక్టింగ్ గవర్నర్‌గా బాధ్యతలు చూస్తున్న షీలా ఆలివర్ ఆసుపత్రిలో చనిపోయారు. పాలన మళ్లీ సెనేట్ అధ్యక్షుడి చేతికి వెళ్లింది. మర్ఫీ తిరిగొచ్చారు. సెప్టెంబరులో తహీషా వే ఆ కుర్చీలోకి వచ్చారు, ఒక్క ఓటరు కూడా బ్యాలెట్ మీద ఆమె పేరు చూడకుండానే.